మిరపకాయల గోడౌన్లో దొరికిన స్వరం

అల్లరి మాన్పించమని పంపిన పెద్దమనిషే వెళ్ళి, ఆ అల్లరి ముందు తొడ మీద తాళం వేస్తూ కూర్చుంటే కాలనీ వాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి? గుంటూరులో, మిర్చి యార్డుకు కాస్త ఎడంగా ఉన్న ఒక కాలనీలో సరిగ్గా అదే జరిగింది. ఆ పెద్దమనిషి పేరు షేక్ దాదాపీరా. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన సన్నాయి మోగకుండా చెప్పుకోదగ్గ పెళ్ళి జరిగేది కాదు. రాములవారి కల్యాణానికయితే ఆయనకు పిలుపు అక్కర్లేదు, తనే వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు.

కాలనీ వెనక మూతపడిన కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. మిరపకాయల బస్తాలు ఖాళీ చేసి చాన్నాళ్ళయినా దాని గోడలకు ఘాటు వదల్లేదు. అందులో ముగ్గురు పిల్లలు చేరి, రోజూ సాయంత్రం పూట గిటారూ డ్రమ్సూ కరెంటు కీబోర్డూ పెట్టి బాదుతున్నారు. కాలనీ సంఘం అధ్యక్షుడు పూర్ణచంద్రరావు గారికి అసలే రక్తపోటు. చివాట్లు పెడదామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ తుమ్ములతో తిరిగొచ్చాడు.

"మీరయితే సంగీతం తెలిసినవాళ్ళు సాయిబు గారూ. మీరు చెబితే వింటారు. ఒక్క మాట చెప్పి రండి," అన్నాడు దాదాపీరాతో.

"నాకు సంగీతం వినపడదు గదయ్యా."

"అందుకేగా మిమ్మల్ని పంపేది! వినపడేవాళ్ళం మేం లోపల నిలబడలేకపోతున్నాం."

ఆ మాటలో న్యాయం ఉంది. దాదాపీరా నవ్వి, చేతికర్ర తీసుకున్నాడు.

ఆయన చెవులు పోయింది ఏ రోగంతోనో కాదు. ఒక జీవితకాలం డోలు పక్కన కూర్చుంటే ఎంత గట్టి చెవులైనా ఏం నిలుస్తాయి! మొదట ఎడమది పోయింది, తర్వాత కుడిది. భార్య జైనబీ పోయేముందు ఏదో చెప్పింది. ఆ మాటలు ఆయన ఆమె పెదాలు చూసి ఊహించుకున్నవే తప్ప విన్నవి కావు.

కూతురు నసీమా అప్పటికే మంగళగిరి దారిలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. వాళ్ళు తయారుచేసిన చెవి పేరు శ్రవణి. చెవి వెనక తీసి పెట్టుకునే ఒక బిళ్ళ, దాని కింద చర్మం లోపల్నుంచి నరానికి వెంట్రుకంత తీగ. పాత యంత్రాల్లా అది వచ్చిన చప్పుడునల్లా లోపలికి తొయ్యదు. ఏది మాట, ఏది స్వరం, ఏది వట్టి రొద అని తనే వేరుచేసి, రొదను వీలైనంత అణిచేసి, మిగిలింది నరానికి అందిస్తుంది. కాకపోతే ఆ తేడా దానికి పుట్టుకతో రాదు. బిగించిన మొదటి వారం దానికి పాఠం చెప్పాలి. ఆ వారం మనిషికి ఏమీ వినపడదు, బిళ్ళ ఒక్కటే వింటూ నేర్చుకుంటుంది. అది నేర్చుకున్నది నరంలో నాటుకుపోతుంది. మా నాయన చెవికి పాఠం నేనే చెప్పుకుంటానని నసీమా పట్టుబట్టింది. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వలేదు.

చెవి తెరిచిన రోజున ఆమె తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నాయనా, వినపడుతోందా?" అంది.

అక్షరం అక్షరం వినపడింది. కానీ అది నసీమా గొంతు కాదు. అసలు ఎవరి గొంతూ కాదు. రైలు ఆలస్యంగా వస్తుందని స్టేషన్లో చెబుతారే, ఆ గొంతు. పక్కనున్న డాక్టరమ్మదీ అదే గొంతు. కిటికీ బయట అరటిపళ్ళు అమ్మేవాడిదీ అదే గొంతు. ముఖం చూస్తేగానీ ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు. ఇటు చూస్తే కూతురి కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా ఆశ.

"వినపడుతోందమ్మా," అన్నాడు దాదాపీరా. "అచ్చం నీ గొంతే."

పెళ్ళివారికి కూడా అబద్ధం చెప్పి ఎరగని మనిషి చెప్పిన అబద్ధం అది. దాన్ని రెండేళ్ళుగా మోస్తున్నాడు.

ఇంటికి రాగానే, శ్రుతి పెట్టుకునే ఓపిక కూడా లేక, సన్నాయి తీసి ఊదాడు. మాడిన గిన్నెను గరిటెతో గీకినట్టు వినపడింది. ఇంకోసారి ఊదాడు. ఇంకోసారి గీకింది. "ఈ యంత్రాలకి మాట వస్తుంది గానీ పాట రాదు నాయనా. ఇప్పటిదాకా లోకంలో ఎక్కడా రాలేదు, మాదానికైనా వస్తుందనుకున్నా," అంది నసీమా, తప్పు తనదే అయినట్టు తలొంచుకుని. ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టి, దానితోపాటు తన పాత కరెంటు శ్రుతిపెట్టెనూ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పట్నుంచి ఎక్కడ పాట మొదలైనా చెవి వెనక బిళ్ళ తీసి జేబులో వేసుకోవడమే. పెళ్ళిళ్ళలో ఆయన నిశ్శబ్దంగా భోంచేసి వచ్చేవాడు.

కోల్డ్ స్టోరేజీ తలుపు తోసి లోపలికి అడుగుపెట్టేసరికి మూడు తుమ్ములొచ్చాయి. పిల్లలు ముగ్గురూ వాయిస్తున్నది ఆపి చూశారు. కీబోర్డు ముందున్న అమ్మాయి ముందుకొచ్చి నమస్కారం పెట్టింది.

"నా పేరు జెస్సికా అండీ. వీడు ఏడుకొండలు, డ్రమ్స్. గిటారు మా తమ్ముడిది. మా బ్యాండ్ పేరు గోడౌన్ ఘాటు."

"పేరు బానే పెట్టుకున్నారు," అన్నాడు దాదాపీరా కళ్ళు తుడుచుకుంటూ. "కాలనీ వాళ్ళు తలుపులేసుకుని కూర్చోవాల్సి వస్తందమ్మా. ఈ గోల ఏందో చూసి రమ్మన్నారు నన్ను."

"ఒక్క పాట వినండి తాతగారూ. విన్నాక మీరు ఆపమంటే ఆపేస్తాం."

వినాల్సిన పనేముంది, బిళ్ళ తీసి జేబులో వేసుకుంటే సరి. కానీ పాటయ్యాక వాళ్ళతో మాట్లాడాలి, అప్పుడు వెతుక్కోవడం ఎందుకని ఉంచేశాడు. ఖాళీ గోనెసంచుల దొంతర మీద కూర్చుని, గీకుడు కోసం పళ్ళు బిగించాడు.

జెస్సికా ఎడమచేత్తో కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కి పట్టుకుంది.

షడ్జమం.

దాదాపీరా అదిరిపడ్డాడు. యంత్రం చెడిపోయిందేమోనని చెవి వెనక వేలితో తట్టి చూశాడు. చెడిపోలేదు. నిండుగా, నిలకడగా, కిందినుంచి గుండెను ఎత్తి పట్టుకున్నట్టు సా మోగుతూనే ఉంది. దాని మీదికి ఏడుకొండలు దరువు అందుకున్నాడు. దరువయితే ఎప్పుడూ తెలిసేదే. ఆ తర్వాత గిటారు వచ్చింది. ఆ తీగ నాదాన్ని ఆ కుర్రాడు నేల మీదున్న చిన్న పెట్టెలోకి పంపి, కరెంటుతో మరిగించి బయటికి తీస్తున్నాడు. పెట్టె లేకుండా మీటినప్పుడు గీకుడు, పెట్టెలోంచి వచ్చినప్పుడు స్వరం! జెస్సికా మైకు పట్టుకుని పాడింది. ఆ గొంతు కూడా కీబోర్డులోంచి పోయి, సగం మనిషీ సగం మీటా అయి బయటికొచ్చింది. గాంధారం దగ్గర చిన్నగా ఊపి వదిలింది. రెండేళ్ళ తర్వాత దాదాపీరా విన్న మొదటి గాంధారం అది.

పాట కల్యాణి రాగానికి దగ్గరగా నడుస్తోంది. ఆ పిల్లకు ఆ పేరు తెలుసో లేదో. మధ్యలో దారి తప్పి ఎటో గెంతింది, గిటారు కసిరినట్టు అరిచింది, మళ్ళీ అందరూ కలిసి సా మీదికొచ్చి పడ్డారు. మామూలుగానయితే ఆయన ఆ గెంతుకి నాలుగు తిట్టి ఉండేవాడు. ఇవాళ చెయ్యి తనంతట తనే తొడ మీద పడి తాళం వేస్తోంది, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మిరపఘాటు అండీ, కొత్తవాళ్ళకి ఇట్టాగే ఉంటది," అంటూ ఏడుకొండలు మంచినీళ్ళ సీసా అందించాడు.

"అవునబ్బాయ్, ఘాటే," అన్నాడు దాదాపీరా. "ఇంకోటి వాయించండి."

చీకటి పడుతుండగా ఇంటిదారి పడితే గేటు దగ్గరే పూర్ణచంద్రరావు గారు ఎదురొచ్చాడు. "చెప్పారా?"

"చెప్పానయ్యా. సాధన చాలడం లేదని చెప్పా. రేపట్నుంచి ఇంకో గంట ముందే మొదలుపెడతారు."

పూర్ణచంద్రరావు గారు రక్తపోటు మాత్ర కోసం లోపలికెళ్ళాడు.

అన్నాలప్పుడు దాదాపీరా కూతురికి ఒకటే చెప్పడం. ఆ సా గురించి, ఆ గాంధారం గురించి, గిటారు మరిగించే పెట్టె గురించి. బడి మొదటిరోజు ముచ్చట చెప్పే పిల్లాడికీ ఆయనకీ తేడా లేదు. నసీమా పప్పు వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"స్వరం వినపడిందా నాయనా? నిజంగా?"

"నేను సా గుర్తుపట్టలేనంటావా?"

పొద్దున్నే ఆయన్ని ప్రయోగశాలకి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి వరసగా వినిపించింది. సన్నాయి గీకింది. వీణ గీకింది. గుడిగంట కూడా గీకింది. ఒక ఉద్యోగి ఎంతో ప్రేమగా పాడిన పాట స్టేషన్ ప్రకటన అయింది. కరెంటు కీబోర్డు మాత్రం స్వరంగా పలికింది. నసీమా ముఖం క్షణక్షణానికీ పాలిపోతోంది. చివరికి తన సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. బీరువాలో ఉండాల్సిన శ్రుతిపెట్టె. మీట నొక్కగానే అది సా పా సా అంటూ తేనె ఒలికించింది.

దాదాపీరా పకపకా నవ్వాడు. "ఓసి దీని ఇల్లు బంగారం గానూ! ఇంట్లోనే ఉండి నోరు మూసుకుందా ఇన్నాళ్ళూ!"

నసీమా నవ్వలేదు.

"మన ఇంట్లో శ్రుతి పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టం గదా నాయనా," అంది మెల్లగా.

నిజమే. అది దాదాపీరా తాతల నాటి కట్టుబాటు. పుట్టిన బిడ్డను ఉయ్యాల్లో వేసేముందు శ్రుతి. పిల్లకు అక్షరాలు దిద్దించేముందు శ్రుతి. కొత్త స్కూటర్ తెచ్చినప్పుడు కూడా ముందు దాని పక్కన శ్రుతి పెట్టాకే బండి కదిలింది. వీధి వీధంతా చూసి నవ్వింది.

"నీ చెవికి పాఠం మొదలుపెట్టే ముందు కూడా పెట్టాను. అన్నిటికంటే ముందు వానలూ కోళ్ళూ మనుషుల గొంతులూ వినిపించమని మా పద్ధతిలో ఉంది. నేను వాటికంటే ముందు ఒక రోజంతా ఈ పెట్టె మోగించాను. మంచిది గదా అని." ఆమె పెట్టె మీట కట్టేసింది. "మొదట విన్నదాన్నే అది స్వరం అనుకుంది. కరెంటులో పుట్టిందే స్వరం. ఊపిరితోనో చేత్తోనో పుట్టిందంతా దానికి రొద. లోకంలో ఎవరూ చెయ్యని తప్పు చేశాను నాయనా. నీ సన్నాయి నీకు లేకుండా చేసింది నేనే."

"ఓస్, అంతేనా," అన్నాడు దాదాపీరా.

నసీమా చటుక్కున తలెత్తింది. "మరి నా గొంతు? మనుషుల గొంతుల్లో కూడా ఊపిరేగా ఉండేది?"

"నీ గొంతుకేమమ్మా. బానే ఉంది."

ఆమె ఆయన వంకే చూస్తూ శ్రుతిపెట్టె తీసి సంచిలో పెట్టుకుంది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ వైదేహి దాపరికం లేకుండా చెప్పింది. నేర్చుకున్నది చెరిపేసి మళ్ళీ పాఠం చెప్పొచ్చు. చెరిపాక కొన్ని నెలలు పూర్తి చెవుడు. తర్వాత నరం కొత్త పాఠం అందుకుంటే సన్నాయి సన్నాయిలాగే వినపడుతుంది, అందుకోకపోతే ఇక మాట కూడా ఉండదు. రెండిట్లో ఏది జరుగుతుందో ముందుగా చెప్పే దారి లేదు.

నసీమా ఆ రోజునుంచి సరిగ్గా అన్నం తినలేదు. ఇంట్లో తిరుగుతూ తిరుగుతూ బీరువా ముందు నిలబడిపోయేది. దాదాపీరాకు భయంగానే ఉంది. దొరికిన ఆ కాస్త సంగీతం, కూతురి మాట, రెండూ పోతే? కానీ పిల్ల ముఖం చూడలేక, "సరేనమ్మా, చెరిపించు," అన్నాడు. సోమవారం ఆస్పత్రిలో చేసేట్టు ఖాయం చేశారు.

ఆ సోమవారం దాకా ఆయన గోడౌన్ వదల్లేదు. పిల్లలకి కల్యాణి పేరు చెప్పాడు. వాళ్ళు ఆయనకి గిటారు పెట్టెల పేర్లు చెప్పారు. ఆయన ఒక్కటీ గుర్తుపెట్టుకోలేదు. "మీ పాటలో ఆ గెంతు నాకు నచ్చలా," అని రోజూ అనేవాడు, రోజూ ఆ గెంతు కోసమే ఎదురుచూసేవాడు. తుమ్ములు కూడా అలవాటైపోయాయి.

సంగతి తెలిసి జెస్సికా అంది, "తాతగారూ, మీ సన్నాయి తీసుకురండి. మైకు పెట్టి నా కీబోర్డులోంచి పంపిద్దాం. నా గొంతు వినపడితే అదీ వినపడాలి గదా?"

"సన్నాయికి వైరు కట్టడమా!" ఆయనకి నిజంగానే కోపమొచ్చింది. "మా తాత లేచొచ్చి తంతాడు."

రెండు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సోమవారం మధ్యాహ్నం, ఆస్పత్రికి బయల్దేరాల్సిన వేళ, దాదాపీరా బీరువా తాళం తీసి సన్నాయి చంకన పెట్టుకుని గోడౌన్‌కి నడిచాడు. రేపు చెవే ఉంటుందో లేదో, తాత తన్నులకి భయపడి ఏం లాభం?

"తాత సంగతి నేను చూసుకుంటా. కట్టండి మీ వైరు," అన్నాడు.

జెస్సికా శ్రుతి పట్టింది. ఆయన రీడు నోట్లో తడిపి, కళ్ళు మూసుకుని ఊదాడు. మొదట గీకుడు వినపడింది, చెంతనే, సన్నగా. ఆ వెంటనే ఎదురుగా ఉన్న పెద్ద స్పీకర్లలోంచి, ఆ గీకుడిని మింగేస్తూ, సన్నాయి వచ్చింది.

తన సన్నాయే. అచ్చం పాతది మాత్రం కాదు. ఇంటికొచ్చిన కొత్త కోడలిలా ఉంది దాని తీరు. కట్టూ మాటా వేరు, అయినా మన ఇంటి మనిషే. ఇన్నాళ్ళూ చూపులేని వేళ్ళు ఇప్పుడు కళ్ళు తెరిచినట్టు పరుగెత్తాయి. కల్యాణి విప్పాడు. గిటారు కుర్రాడు భయం భయంగా వెనక నడిచాడు. ఏడుకొండలు డ్రమ్స్ మీద దాదాపు డోలు నడకే అందుకున్నాడు. ఆ నచ్చని గెంతు దగ్గరికొచ్చేసరికి దాదాపీరా అందరికంటే ముందు తనే గెంతాడు.

ఆయన ఆపి కళ్ళు తెరిచేసరికి తలుపు దగ్గర నసీమా కనపడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి వచ్చి ఎంతసేపయిందో, చెంపలు తడిసి ఉన్నాయి. అది ఘాటో కాదో ఆయనకి బాగా తెలుసు.

"బయల్దేరదామా నాయనా, ఆలస్యమవుతోంది," అంది ఆమె. స్టేషన్ గొంతే. రైలు గురించి చెబుతున్నట్టే.

ఆయన ఆమె వంక చూశాడు. సన్నాయి పక్కన పెట్టి, కీబోర్డుకి కట్టిన మైకు తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఇందులో పిలువమ్మా."

"ఏమని?"

"రోజూ పిలిచేదే."

నసీమాకి అర్థం కాలేదు. అయినా మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "నాయనా," అంది.

స్పీకర్లలోంచి ఒక గొంతు వచ్చింది. కిందినుంచి మొదలై, మధ్యలో కొంచెం బరువెక్కి, చివరి అక్షరం మీద చిన్నగా పైకి లేచింది. ఏదో అడగబోతున్నట్టు. జైనబీ వంటింట్లోంచి ఆయన్ని పిలిచేటప్పుడు సరిగ్గా అక్కడే అలాగే లేపేది. దాదాపీరా పక్కనున్న డ్రమ్స్ స్టాండు పట్టుకున్నాడు. అది కదిలి, మీదున్న కంచుతాళం గలగలమంది.

"ఇంకోసారి," అన్నాడు.

"నాయనా... ఏమైంది?" అని మైకులోనే అడిగి, అప్పుడు నసీమా ఆగిపోయింది. ఆమెకి అర్థమైంది. "అంటే ఇన్నాళ్ళూ... నా గొంతు..."

"అబద్ధం చెప్పానమ్మా. నువ్వట్టా చూస్తంటే నిజం నోటికి రాలా," అన్నాడు. "ఇప్పుడు చెబుతున్నా నిజం. అది అచ్చం మీ అమ్మ గొంతు."

ఆమె ఏడుస్తూనే, "ఇందుకే నాయనా, చెరిపించుకో. అన్నీ తిరిగొస్తాయేమో. గాలిలో ఊదిన నీ సన్నాయి..." అంది.

"సన్నాయి నాకు గుర్తుందమ్మా. బతికినంత కాలం గుర్తుంటది. నీ గొంతే మర్చిపోతన్నా." ఆయన గోనెసంచుల మీద కూర్చున్నాడు. "వస్తాదో రాదో తెలియని దానికోసం దీన్ని నేను పోగొట్టుకోను. వైదేహి గారికి చెప్పు, ముసలాడు రానన్నాడని. ఇప్పుడు మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. పొద్దున ఏం కూర వండావో చెప్పు."

నసీమా కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. వంకాయ కూర వండిందట, కారం ఎక్కువైందట. చిన్నప్పుడు ఆయన స్కూటర్ ముందు నిలబడి వెళ్ళేటప్పుడు శ్రుతిపెట్టె తన చేతుల్లోనే ఉండేదట. అందరూ నవ్వుతుంటే తనకి మాత్రం గర్వంగా ఉండేదట. జెస్సికా కీబోర్డు మీద సా నొక్కి పట్టుకుని వదల్లేదు. గోడౌన్ ఘాటు ఆ సాయంత్రం ఇంకో పాట వాయించలేదు.

కాసేపటికి తలుపు ధడేలుమంది. పూర్ణచంద్రరావు గారు వరసగా తుమ్ముకుంటూ లోపలికొచ్చాడు.

"ఏందండీ సాయిబు గారూ ఇది! మీ ఇంటి వంకాయ కూర సంగతి కాలనీ మొత్తానికి మైకులో ఎందుకు?"

దాదాపీరా ఆయన వంక చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు.

"కాసేపు ఉండవయ్యా," అన్నాడు. "మా అమ్మాయి మాట్లాడతంది."